నాలుగు చుక్కలు, రెండోసారి

లానెల్లీ,
2 మార్చి 2019, శనివారం.

ప్రియమైన ఐర్వెన్‌కు,

డెలిత్ నమస్కరించి, కాస్త సిగ్గుపడి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. ఎమ్రిస్‌కు నడుంనొప్పి తగ్గింది, మా మామయ్యకు చెవుడు తగ్గలేదు. నువ్వూ, నీ పిల్లీ ష్రూస్‌బరీలో సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను.

పది నెలలుగా మాటామంతీ లేని మనిషి ఇవాళ ఇన్ని కాగితాలు నింపుతోందేమిటని ఆశ్చర్యపోతావు. ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే ఏడుస్తానో, పెట్టేస్తానో నాకే తెలియదు. కాగితంతో ఆ భయం లేదు. ముందు అసలు వార్త చెప్పేస్తాను. లేకపోతే నువ్వు ఆఖరి పేజీ తిప్పి చూస్తావు, నీ సంగతి నాకు తెలియదా? నేను పాసయ్యాను! వచ్చే నెల నుంచి నాకు కూడా డ్రైవరు శిక్షణ.

పోయిన ఏప్రిల్‌లో మనిద్దరం కలిసి బ్రిస్టల్ వెళ్ళి రాశామే, అదే పరీక్ష. నువ్వు ఒక్కదెబ్బతో పాసై వెళ్ళిపోయావు. నేను మళ్ళీ గార్డు డ్యూటీకే వచ్చి, తలుపులు మూసుకుంటూ, టిక్కెట్లు అడుక్కుంటూ తిరిగాను. ఎనిమిదేళ్ళు ఒకే లైనులో, ఒకే ఫ్లాస్కులో టీ తాగిన వాళ్ళం. ఆ తరువాతి సోమవారం స్టాఫ్ రూమ్‌లో నేనన్న మాట నువ్వు మరిచిపోయి ఉండవు. ఇస్త్రీపెట్టె ఆపానో లేదోనని నువ్వు సగం దారిలోంచి ఇంటికి పరుగెత్తబట్టి మనకు రైలు తప్పిందనీ, బ్రిస్టల్ స్టేషన్ నుంచి రొప్పుకుంటూ పరీక్షకు మూడు నిమిషాల ముందు చేరామనీ, ఆ వణుకుతో నాకు పెన్సిల్ నిలవలేదనీ చెప్పాను. "ఐర్వెన్ ఇస్త్రీపెట్టె ఆపి వచ్చింది గానీ నా ఉద్యోగం మాత్రం కాలిపోయింది" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు కోటు తీసుకుని వెళ్ళిపోయావు. తరువాత నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు. క్రిస్మస్‌కు కార్డు పంపావు. నేను ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాను.

నవంబర్‌లో ఒక రోజు నా డ్యూటీ కాగితం మీద, శిక్షణలో ఉన్న డ్రైవరుగా నీ పేరు చూశాను. నువ్వు ముందు, మీ మాస్టారి పక్కన. నేను వెనక. ప్రతి స్టేషన్‌లో నేను తలుపులు మూసి రెండుసార్లు గంట కొట్టడం, నువ్వు అక్కడి నుంచి బదులుగా రెండుసార్లు కొట్టి రైలు కదిలించడం. కొండలన్నీ దాటి అంతదూరం వెళ్ళామా, మనం మాట్లాడుకున్నది అంతే. లాండవరీ దాటాక ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, ఇవాళ రైలు ఇంత మెత్తగా ఆగుతోందేం? టీ చుక్క కూడా తొణకడం లేదు. ఎవరు నడుపుతున్నారు?" అని అడిగింది. "నా స్నేహితురాలండీ" అనేశాను. అనేశాక గాని అన్నానని తెలియలేదు. ఆఖరి స్టేషన్‌లో దిగి, ముందుకు నడిచి వచ్చి ఆ మాట నీకు చెప్పాల్సింది. నేనేం చేశానో తెలుసా? నువ్వు వెళ్ళిపోయే దాకా టాయిలెట్‌లో గడియ పెట్టుకుని నుంచున్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, "మళ్ళీ రాయాలనుంది" అన్నాను.

"రాయి. ఎవరొద్దన్నారు?" అన్నారు మామయ్య.

రెండుసార్లకు మించి రాయనివ్వరనీ, ఈసారి కూడా తప్పితే ఈ జన్మలో డ్రైవరు సీటు ఆశ ఉండదనీ, రాయకపోతే ఇంకో అవకాశం మిగిలి ఉందని అయినా చెప్పుకోవచ్చనీ అన్నాను.

మామయ్య చెంచా కింద పెట్టారు. "ఆ ఒక్క అవకాశాన్నీ అల్మారాలో దాచుకుని ఏం చేస్తావమ్మాయ్? నాతో పాటు పూడ్చిపెడతావా? నా పెట్టెలో చోటు లేదు, ముందే చెబుతున్నా."

ఎమ్రిస్ తన దిగులు తనది. "ఇది పాసైతే తెల్లవారుజామున మూడింటికి లేచి టిఫిన్ పెట్టాల్సింది నేను కదా? ఇప్పటి నుంచే చెప్పండి, నేను కూడా ప్రాక్టీసు మొదలుపెడతాను" అన్నాడు.

మా మామయ్య ఇద్వాల్ ప్రాబర్ట్ నలభై ఏళ్ళు సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసిన మనిషని నీకు తెలుసు. ఆయనిచ్చిన శిక్షణ ఎలాంటిదో మాత్రం తెలియదు. ఎమ్రిస్ ఇళ్ళ గోడలకు కాగితం అంటించే పనిలో మిగిలిపోయిన చుట్టలన్నీ షెడ్డులోంచి దింపించారు. వాటి వెనకవైపు మూడు చుక్కలు, నాలుగు చుక్కలు, అయిదు చుక్కల గుంపులు వేలకు వేలు గీశారు. నాలుగున్న వాటినే కొట్టెయ్యాలి. రెండేసి నిమిషాలు. గుడ్లు ఉడకడానికి టైము పెట్టే గడియారం బల్ల మీద టిక్కుటిక్కుమంటుంటే, పక్కన రేడియోలో రగ్బీ వ్యాఖ్యానం ఆయన చెవులకు సరిపడేంత గట్టిగా. కొంచెం తగ్గించమంటే, "రేపు రైల్లో జనం నోరు మూసుకుని కూర్చుంటారా?" అనేవారు.

తప్పు దొరికితే ఇక ఆయన సంబరం చూడాలి. "ఈ మూల చూడమ్మాయ్. అయిదుంటే నాలుగని కొట్టేశావు. నేను క్యాబిన్‌లో ఇలాగే లెక్కపెట్టి ఉంటే ఈ ఊళ్ళో సగం మంది పుట్టేవాళ్ళే కాదు."

మాట విని గుర్తుపెట్టుకునే పరీక్ష ఉంది కదా, దానికోసం వాషింగ్ మెషీన్‌తో వచ్చిన పుస్తకం పైకి చదివి, మూసేసి, ప్రశ్నలు అడిగేవారు. జనవరి అయ్యేసరికి ఉన్ని బట్టలు ఎంత వేడి నీళ్ళలో వెయ్యాలో మా ఇంట్లో ముగ్గురికీ కంఠతా వచ్చేసింది. చుక్కల పిచ్చి నాకు ఎంత ముదిరిందంటే, ఒకరోజు ఎమ్రిస్ మొహంలోకి తదేకంగా చూస్తున్నాను. పాపం మురిసిపోయి, "ఏమిటే అలా చూస్తున్నావ్?" అన్నాడు. "నీ బుగ్గ మీద మచ్చలు నాలుగున్నాయి" అన్నాను. పెన్సిల్ లాక్కుని దాచేశాడు.

ఫిబ్రవరి పంతొమ్మిదిన పరీక్ష. ఈసారి రెండు రైళ్ళు ముందే ఎక్కాను. గంటా యాభై నిమిషాల ముందు బ్రిస్టల్‌లో దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో మూడు టీలు తాగి, మూడు టీలు తాగినందుకు పడాల్సిన అవస్థ పడి, లోపలికి వెళ్ళాను. నా పక్క కుర్చీలో ఒక లారీ డ్రైవరు కూర్చున్నాడు. పేరు టూడర్. ఆరడుగుల పైన మనిషి, ఆ కుర్చీలో పట్టక మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి.

"మీకిది మొదటిసారా అండీ?" అని గుసగుసగా అడిగాడు.

"రెండోసారి."

"నాకూ రెండోదే. మా ఆవిడకు చెప్పలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికని వచ్చాను."

"అయితే ఇంటికెళ్ళేటప్పుడు బుగ్గ పట్టుకుని వెళ్ళండి" అన్నాను. ఇద్దరికీ నవ్వాగలేదు. పరీక్ష పెట్టే మిసెస్ హాల్‌స్టెడ్ కళ్ళజోడు మీదుగా చూసింది. పోయినసారి ఉన్న ఆవిడే, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంటుంది.

చుక్కల కాగితాలు వచ్చాయి. మొదటి పేజీ, రెండో పేజీ సాఫీగా పోయాయి. మూడో పేజీలో టూడర్ పెద్ద నిట్టూర్పు విడిచాడు, కుర్చీ కిర్రుమంది. అతను ఎన్నో వరసలో ఉన్నాడో చూద్దామని నా మెడ దానంతటదే తిరగబోయింది. తిప్పలేదు. ఐర్వెన్, ఆ రోజు నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే. నాలుగు, నాలుగు, మూడు కాదు, నాలుగు అనుకుంటూ కాగితంలో ముక్కు పెట్టి కూర్చున్నాను. "ఆపండి" అని వినిపించేసరికి ఆఖరి వరసలో ఉన్నాను.

రెండు చేతులతో రెండు పిడులు తిప్పుతూ చుక్కను వంకర దారిలో నడిపించేది పరవాలేదు. దీపాలు వెలిగినప్పుడల్లా కాళ్ళతో తొక్కేదాంట్లో ఒకసారి కుడికి బదులు ఎడమ తొక్కాను. అందరికన్నా చివర ఇంటర్వ్యూకి నన్ను పిలిచారు. మిసెస్ హాల్‌స్టెడ్ నా పాత ఫైలు ముందు పెట్టుకుని కూర్చుంది.

"పోయిన ఏడాది కాగితాలు చూశాను. చుక్కల్లో మూడో పేజీ సగం దాకా ఒక్క తప్పు లేదు. అక్కడి నుంచి అంతా ఖాళీ. ఏం జరిగింది?" అని అడిగింది.

నేను జవాబు చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది ఇంకెవరికైనా చెప్పారా?" అంది. లేదన్నాను. ఏదో రాసుకుంది. ఏం చెప్పానో రాయాలంటే మళ్ళీ ఇంకో కాగితం కావాలి, చెయ్యి నొప్పెడుతోంది.

మొన్న గురువారం ఫోన్ వచ్చింది. సెయింట్ డేవిడ్ పండగకని పెనం మీద ఎండుద్రాక్ష కేకులు కాలుస్తున్నాను. చేతులనిండా పిండి. ఎమ్రిస్ ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించాడు.

"మిసెస్ ప్రాబర్ట్, కూర్చుని ఉన్నారా?" అంది అవతలి అమ్మాయి.

"లేదమ్మా, కేకులు మాడుతున్నాయి, తొందరగా చెప్పు!"

చెప్పింది. కేకులు మాడిపోయాయి.

"ఏమిటి, ఏమిటంటున్నారు?" అని మామయ్య ముందు గదిలోంచి కేక.

"పాస్, నాన్నా!" అని అరిచాడు ఎమ్రిస్.

"బస్సా? రైలిస్తామని చెప్పి బస్సిస్తారా? దొంగ వెధవలు! ఆ ఫోన్ ఇలా ఇవ్వు, నేను మాట్లాడతాను!"

చెవిలో మూడుసార్లు అరిస్తే గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక వానలోనే పెరట్లోకి వెళ్ళి, చాలాసేపు ముక్కు చీదుకుని వచ్చారు. పెనం మీదివి అంచులు గీరుకుని మేమే తిన్నాం. స్టాఫ్ రూమ్‌కు మళ్ళీ ఇంకో వాయి చేశాను.

శిక్షణ ఏప్రిల్ ఎనిమిది నుంచి. ఏ డిపోలో వేస్తారో ఇంకా చెప్పలేదు. టూడర్ కూడా పాసయ్యాడట, వాళ్ళావిడ ఇప్పుడు పళ్ళ డాక్టరు బిల్లు అడుగుతోందట. ఇంతకు మించి విశేషాలు లేవు. మామయ్య, ఎమ్రిస్ నిన్ను అడిగామని రాయమన్నారు. నీ పిల్లికి నా ముద్దులు.

ఇట్లు,
ఇంకా నీదే అనుకుంటున్న
డెలిత్

తా.క. కవరు అంటించబోయి ఆగిపోయాను. మిసెస్ హాల్‌స్టెడ్‌కు చెప్పిన జవాబు నీకు చెప్పకుండా పంపిస్తే, నేను ఇంత రాసీ ఏమీ రాయనట్టే.

ఆ రోజు నా చేతులు వణకలేదు. పరుగెత్తిన ఆయాసం మొదటి పేజీ సగం కాకముందే తీరిపోయింది. మూడో పేజీ మధ్యలో తల ఎత్తి నీవైపు చూశాను. నీ కాగితం మీద నువ్వు నాకన్నా రెండు వరసలు ముందున్నావు. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ గదిలో ఇంకెవరూ లేనట్టు కొట్టేసుకుంటూ పోతున్నావు. ఇది పాసవుతుంది, నేను కాను అనుకున్నాను. పెన్సిల్ కింద పెట్టేశాను. జారిపోలేదు ఐర్వెన్, నేనే పెట్టేశాను. చేసి ఓడిపోయే బదులు చెయ్యకుండా ఓడిపోతే చెప్పుకోవడానికి ఏదో ఒక సాకు ఉంటుందనిపించింది. ఆ సాకు నీ ఇస్త్రీపెట్టె అయింది.

నిన్న స్టాఫ్ రూమ్‌లో కేకులు పంచి, పోయిన ఏడాది ఎవరి ముందు ఆ మాట అన్నానో వాళ్ళందరి ముందూ ఇదంతా చెప్పాను. మన పెద్ద గార్డు హైవెల్ కేకు నములుతూనే, "అది మాకెప్పుడో తెలుసులేమ్మా" అన్నాడు. ఎలా తెలుసన్నాను.

"ఇద్దరూ ఒకే రైల్లో వెళ్ళారు. ఒకేలా పరుగెత్తారు, ఒకేలా రొప్పారు. మరి ఆ పిల్ల ఎలా పాసైంది?"

ఇంత చిన్న లెక్క తట్టడానికి నాకు పది నెలలు పట్టింది. దీని చేతికి రైలు అప్పజెబుతున్నారు, చూడు!

నీ తప్పు ఏమీ లేదు. ఉన్నదంతా నాదే. పదో తారీఖు ఆదివారం నాకు సెలవు, ష్రూస్‌బరీ వస్తున్నాను. నువ్వు తలుపు తీస్తే ఇదే మాట నీ మొహం చూస్తూ చెబుతాను. తియ్యకపోతే మెట్ల మీద కూర్చుని తలుపుకే చెబుతాను, నీ పక్కింటివాళ్ళు కూడా వింటారు. నీ ఇష్టం.