మూడో మలుపులో దగ్గు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు దెయ్యం వేషం కట్టిన పార్కులోని చీకటి గుహను ఎప్పుడో కూల్చేశారు కదా. దాని అభిమానులు పాత వీడియోలు చూసి, కంప్యూటర్లో మళ్లీ కట్టారు. డ్యూటీ దిగి తొండియార్‌పేటలో వాళ్ల గదికి చేరేసరికి ఒళ్లు హూనమైంది. అయినా కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని, గుహలో తిరిగే బండెక్కాను.

మూడో మలుపులో నీ దెయ్యం అరుస్తూ మీదికొచ్చింది. నీ దగ్గు మాత్రం లేదు. అదేమైందని అడిగాను.

"వీడియోలో ఆడ ఎవురో దగ్గినారక్కా, డిస్టర్బెన్స్ అని తీసేసినాం," అంది వాళ్లలో ఒకామె.

పిల్లలున్న బండి వస్తే, చీకట్లో ఉన్నది మనిషేనని వాళ్లకు తెలియాలని నువ్వే ముందుగా దగ్గేవాడివని చెప్పాను. అప్పటికప్పుడే మళ్లీ పెట్టారు.

ఇంకోసారి ఎక్కాను. నువ్వు దగ్గావు. బండి ఆగకుండా ముందుకు వెళ్లిపోయింది.