ఇంకో చరాంగో అమ్మకు

సెనోబియో అన్నయ్యా,

ఈసారి మా ఆయన నీ కొట్టుకొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా సరే, ఇంకో చరాంగో అమ్మకు. అమ్మావో, నీ మొహం చూడను! ఇంట్లో ఏ మేకుకి చూసినా చరాంగోనే, ఆ బుల్లి గిటారే. కొన్న ప్రతిదాన్నీ జలకన్య శ్రుతి చేస్తుందని ఓ రాత్రి జలపాతం దగ్గర పెట్టి తెచ్చుకుంటాడు.

నిన్న కడిగేశాను. "జలకన్య శ్రుతి చేసింది వాయిస్తే ఏ పిల్లైనా పరిగెత్తుకొస్తుందంటారు. మొదటిదానికే నేనొచ్చేశాను కదా! ఇవన్నీ ఎవర్తి కోసం?"

తల దించుకున్నాడు. "నీకోసమే. ఎంత వాయించినా నువ్విప్పుడు వంటింట్లోంచి బయటికే రావు. లోపం వాటిలో ఉందనుకున్నా."

అన్నయ్యా, ఆ మొదటిదానికి తీగలు తెగిపోయాయి. అవి మాత్రం పంపు. అది మోగిన రోజు పొయ్యి ఆర్పేసి వాకిట్లోకొస్తాను.

నీ చెల్లి