గోడ మీద మీ పేరు

హనుమకొండ,
బుధవారం.

యమున నాన్నకు సుగుణ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ హిమాచల్‌లో, ఆ సొరంగం పనిలో, మీరూ క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను. కోపంలో ఉన్నా ఈ మాట మాత్రం మనసారా రాస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. అత్తమ్మ మోకాళ్ల సంగతి అడిగారు. దవాఖానలో ఇచ్చిన మందు పనిచేస్తోంది, మెట్లు దిగుతోంది. నల్లాలో ధర్మసాగర్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. ఇక యమున ఫోన్‌కు ఎందుకు రావడం లేదు, పరీక్షలా అని అడిగారు. పరీక్షలూ లేవు, ఏమీ లేవు. మీతో మాట్లాడటం దానికి ఇష్టం లేదు. ఎందుకో ఫోన్‌లో చెబుదామంటే సిగ్నల్ ఉన్న కాసేపూ మీరే మాట్లాడతారు. అందుకే కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఎండాకాలం సెలవుల్లో మన ప్రహరీ గోడ నిండా యమున వేసిన బొమ్మలు గుర్తున్నాయా? ఫొటో పంపాను కదా. మనుషులు ఆకాశంలోకి వెళ్లిన కథంతా గేటు దగ్గర మొదలై కరెంటు స్తంభం దాకా ఉండేది. రష్యావాళ్లు మొట్టమొదట పంపిన ఉపగ్రహం, బంతిలా గుండ్రంగా, పొడుగాటి తీగలతో. దాని పక్కన లైకా అనే కుక్క. ఆ తర్వాత వాలెంటీనా, అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి ఆడమనిషి. చంద్రుడి మట్టి మీద అమెరికావాళ్ల బూటు ముద్ర. మన తుంబా ప్రయోగ కేంద్రంలో రాకెట్ ముక్కు భాగాన్ని సైకిల్ మీద పెట్టుకుని నడిపించుకుపోయే మనిషి. చివరి మూలలో చంద్రుడి మీద దిగుతున్న మన విక్రమ్ ల్యాండర్. కూరగాయలకు పోయేవాళ్లు సంచులు కింద పెట్టి మరీ చూసేవాళ్లు. అత్తమ్మ అయితే రోజూ కుక్క దగ్గరే ఆగేది. "తిరిగి తెచ్చే తొవ్వ లేకుంట మూగజీవాన్ని పంపనీకి వాళ్లకు మనసెట్లొచ్చిందే?" అని ఆ రష్యావాళ్లను ఇక్కడి నుంచే తిట్టిపోసేది.

రెండు వారాల కింద పరకాలలో పెళ్లికి పోయి వచ్చేసరికి గోడంతా తెల్లగా ఉంది. సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. మన వార్డు లీడర్ వెంట తిరిగే శ్రీకాంత్ నిచ్చెనెక్కి లీడర్ మొహం గీస్తున్నాడు. ఆయన పుట్టినరోజట! సరిగ్గా వాలెంటీనా ఉన్నచోట ఆయన మీసం వచ్చింది.

"ఎవర్ని అడిగి ఏసినవ్ శ్రీకాంత్?" అన్నాను.

"గరం గాకు వదినా. హిమాచల్ల ఉన్న అన్నతోని ఫోన్ల మాట్లాడినం. ఏస్కొమ్మన్నడు. జర కింద సూడు, అన్న పేరు గుడ రాసినం."

చూశాం. చంద్రుడు ఉండే మూలలో, కింద ఎర్ర రంగుతో "శుభాకాంక్షలతో, మీ కుమారస్వామి" అని ఉంది. యమున చదివింది. చెప్పులు కూడా విడవకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఏమనుకున్నారండీ మీరు? ఇల్లు మీదైతే పిల్ల వేసిన బొమ్మలూ మీవేనా? ఎర్రటి ఎండలో నెత్తికి తువ్వాల చుట్టుకుని వేసింది అది. ఎన్ని రాకెట్లు కూలాయో, కూలినవాళ్లు మళ్లీ ఎలా కట్టారో వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. దాన్ని ఒక్కమాట అడగాలనిపించలేదా? పోనీ, నాకైనా చెప్పాలనిపించలేదా?

మీరెందుకు ఒప్పుకున్నారో కూడా శ్రీకాంతే చెప్పాడు. ఇక్కడే నీళ్ల ట్యాంకు దగ్గర మోటార్ల పని ఇప్పిస్తానని లీడర్ మాటిచ్చాడట. ఇంటికి వచ్చేయొచ్చని మీ ఆశ. అది విని ఏడ్చాను. కోపం మాత్రం తగ్గలేదు. మీరు రావాలని నాకు లేదా? దానికి మన బిడ్డ బొమ్మలే దొరికాయా? ఆయనకు సొంత గోడ లేదా?

ఇప్పుడు అసలు మాట. ఇది చెప్పలేకే ఇంతసేపు మిమ్మల్ని తిట్టాను. మొన్న పొద్దున నేనే సున్నం కలిపి, వాడకట్టంతా చూస్తుండగా లీడర్ బొమ్మ మీద పూసేశాను. మీసంతోనే మొదలుపెట్టాను. శ్రీకాంత్ ఉరికొచ్చి, "గిట్ల జేస్తే అన్న నౌకరి పాయె వదినా!" అన్నాడు.

"పోతే పోనీ. నా మొగడు రెక్కల కష్టం జేస్తాండు. ఎవ్వని మీసం కిందనో బతుకుతలేడు," అన్నాను.

ఆ పని ఇక మీకు రాదు. మీరు ఇంటికి వచ్చే దారి నా చేత్తో నేనే మూసేశాను. తిట్టాలనుకుంటే తిట్టండి, పడతాను. రేపు మళ్లీ ఎవడైనా వచ్చి పూస్తే మళ్లీ ఇదే చేస్తాను.

మీ పేరు కూడా పూసేయబోయాను, ఒట్టు. యమున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న పేరు ఉండనీ అమ్మా."

"ఎందుకుండాలె? నిన్ను అడిగిండా?"

అది రంగు డబ్బాలు తెచ్చుకుని, మీ పేరుకు చుక్క అంటకుండా, దాని పైన మళ్లీ చంద్రుణ్ణి వేసింది. విక్రమ్‌ను దింపింది. ఇప్పుడు దారిన పోయేవాళ్లు చూసి నవ్వుతున్నారు, చంద్రుడి మీద దిగిన విక్రమ్‌కు మన కుమారస్వామి శుభాకాంక్షలు చెప్పాడని. మిగతా గోడంతా ఇంకా తెల్లగానే ఉంది. అత్తమ్మ కుక్కను తొందరగా వెయ్యమని యమున వెంట పడుతోంది.

ఆదివారం ఫోన్ చెయ్యండి. ఈసారి యమునే ఎత్తుతానంది. బాగున్నావా, తిన్నావా అన్నది తర్వాత. ఆ గోడ మీద మీ పేరు ఉండొచ్చా అని ముందు దాన్ని అడగండి.

ఇట్లు,
మీ మీద కోపం ఇంకా చల్లారని
యమున తల్లి,
సుగుణ.