కడుపులో పెట్టుకున్న మాట

లింబాయత్, సూరత్
నూలు పున్నమి మర్నాడు, 2021

చిరంజీవి శివకృష్ణకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ నాన్న, నేను, కోడలు హారతి ముగ్గురం క్షేమం. ఇన్నాళ్లూ ఈ మాట అలవాటుగా రాసేదాన్ని. ఈసారి మాత్రం మనుషుల్ని చూసుకుని మరీ రాస్తున్నాను. ఇచల్‌కరంజిలో నువ్వు వేళకు తింటూ కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. కార్ఖానాల్లో బట్ట నేసే సాంచెలు మళ్లీ నడుస్తున్నాయి, కానీ రోజుకు ఒక్క పాళీయే. నాన్నకు, నాకు టీకా పడింది. సూది గుచ్చినందుకు ఆయన ఆ నర్సుని చూసిన చూపు నువ్వు చూడాల్సింది! పక్షవాతం పట్టిన ఆయన కుడిచెయ్యి, కుడికాలు ఇంకా మాట వినడం లేదు. నిన్న పున్నమికి ఎడమచెయ్యి పైకెత్తి పట్టుకుని కొత్త జంజం వేయించుకున్నాడు. పచ్చళ్లు పంపమన్నావు. పున్నమికి ఇక్కడికొచ్చిన నీ స్నేహితుడు దేవదాస్ తిరిగి అక్కడికి వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను.

ఇక నీ ఉత్తరంలో అసలు సంగతికి వస్తాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ హారతి చేతిలో ఉంటుంది కాబట్టి నాకు విడిగా ఉత్తరం రాశావు. మంచి పని చేశావు, నేనూ అందుకే రాస్తున్నాను. "నాన్న మందుల పెట్టెకు తాళం ఎందుకు? పరుశురాం బాబాయి రోజూ మన ఇంట్లో ఎందుకు కూర్చుంటున్నాడు? అడిగితే హారతి చెప్పదు. ఆ ఉద్యోగం వచ్చాక దానికి పొగరెక్కింది, మాన్పించు" అని రాశావు. చదివాక నాకు చిర్రెత్తుకొచ్చింది. కొడుకువు కాబట్టి ఇంతటితో సరిపెడుతున్నాను.

ఆమె ఉద్యోగం ఏమిటో నీకు సరిగ్గా తెలుసా? ఆసుపత్రి డాక్టరమ్మ తరఫున, మంచం పట్టినవాళ్లున్న ఇళ్లకు ఫోన్ చేస్తుంది, అవసరమైతే వెళుతుంది. రోగి ఎలా ఉన్నాడని అందరూ అడుగుతారు. చాకిరీ చేసే మనిషిని "నువ్వెట్లున్నవ్?" అని అడగడానికి ఎవరుంటారు? మా హారతి ఉంటుంది. ఈ కరోనా మొదలయ్యాక ఎంతమంది ఆడవాళ్లు ఆ ఒక్క మాటకే ఫోన్లో భోరుమన్నారో! ఎవరు ఏడ్చారో మాత్రం నాకు తెలియదు. పక్కింటి ఊర్మిళ ఒకసారి ఊరుకోలేక, "ఆ మూలమీది ఇంట్ల ఏమైందే పిల్లా?" అని కూపీ లాగబోయింది. హారతి నవ్వి, "రేపు నీ ముచ్చట ఆళ్లడుగుతరు పెద్దమ్మా. చెప్పాల్నా?" అంది. ఊర్మిళ మళ్లీ అడిగితే ఒట్టు! నేను లోపల పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. నా కోడలని చెప్పుకోవాలనిపించింది.

ఇప్పుడు రాసేది ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

నాన్నకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నేను చేస్తున్న చాకిరీ గురించి నీకు ఎప్పుడూ రాయలేదు. కట్టుకున్నవాడికి చేసుకోవడంలో చెప్పుకునేదేముందని అనుకున్నాను. తిప్పడం, తుడవడం, బట్టలు మార్చడం, తినిపించడం, తినిపించింది మీద ఉమ్మితే మళ్లీ కడగడం. మార్చి తర్వాత కరోనా మళ్లీ విరుచుకుపడింది. ఇంటికి వచ్చి కాళ్లూ చేతులూ ఆడించే మనిషి రావడం మానేశాడు. నాకు నిద్ర పట్టకుండా పోయింది. కోపం పట్టరానంతగా వచ్చేది. అది ఆయన మీదా, నా మీదా, దేవుడి మీదా, నాకే తెలిసేది కాదు.

ఒకరోజు హారతి నా ముందు కూర్చుని, అందరినీ అడిగినట్టే, "నువ్వెట్లున్నవ్ అత్తమ్మా?" అని అడిగింది. ఆ వెంటనే ఇలా అంది: "నువ్వేం చెప్పినా నా కడుపుల పెట్టుకుంట. గని పానం మీదికొచ్చే ముచ్చటైతే డాక్టరమ్మకు చెప్త. ఆమెకు చెప్పే ముందు, చెప్తున్ననని నీకు చెప్త. ఇప్పుడు చెప్పు."

మనది ఒక్క గది ఇల్లు. నాన్న అక్కడే పడుకుని ఉన్నాడు. ఆయనకు మాట పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి కదా. అందుకని గొంతు లేకుండా, పెదాలతో చెప్పాను, సాంచెల చప్పుడులో మనం మాట్లాడుకున్నట్టు. హారతి కూడా సాంచెల పక్కన నూలు కండెలు చుట్టి పెరిగిన పిల్లే, ఆమెకు ఆ మాట తెలుసు. ఏం చెప్పానంటే, "నిద్ర గోలీలు ఆయనకు పెట్టి నేనూ మింగాలనిపిస్తోంది" అని.

అవును నాయనా. మీ అమ్మే అంది ఆ మాట.

హారతి కేకలు పెట్టలేదు, నీతులు చెప్పలేదు. నా చెయ్యి వదలకుండా, "దీన్ని డాక్టరమ్మకు చెప్పాలె అత్తమ్మా, నీ ముందటనే చెప్త" అని నన్ను గల్లీలోకి తీసుకెళ్లి నా ముందే ఫోన్ చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "సొంత కోడలివా, పోలీసువా?" అని తిట్టాను. ఆమెతో మాట్లాడటం మానేశాను. నాన్న మంచం పక్కనే ఉండే మందుల పెట్టెకు తాళం పడింది అప్పుడే. అందులో ఒక నిద్ర గోలీల పట్టీ కనబడలేదు. "నీ దగ్గర ఉన్నదా?" అని సూటిగా అడిగింది. లేదని ఒట్టు పెట్టాను, నమ్మలేదు. నమ్మకపోవడమే ఆమె పని. నన్ను ఒంటరిగా వదలకుండా గడపలో కూర్చునే తన ఫోన్లన్నీ చేసుకుంది.

"మధ్యాహ్నం మామయ్య కాడ పరుశురాం మామను కూసోబెడ్త. ఆయనకు ఎంత చెప్పాలె?" అని నన్నే అడిగింది. "తోడు కావాలని చెప్పు, అంతే" అన్నాను. ఆయనకు అంతే చెప్పింది.

నాన్నతో కలిసి ఎన్నో ఏళ్లు సాంచెలు నడిపిన మనిషి పరుశురాం. మొదటిరోజే మాస్కు సవరించుకుంటూ నన్ను పిలిచాడు.

"వదినా, జర ఇటు రా. అన్న మాట్లాడుతున్నడు."

"ఏం మాట్లాడుతడు, మాట పడిపాయె గదా!"

"గొంతు పోయింది. పెదాలు పోలే. కార్ఖానల అన్నట్టే అంటున్నడు."

"ఏమంటున్నడు?"

"నీకు జెప్పే ముచ్చట నాకెందుకు?" అని ఆయన బయటికి వెళ్లి గల్లీలో నిలబడ్డాడు.

ఇన్ని నెలలూ ఆయన మూతి తుడిచాను గానీ, ఆ మూతి ఏమంటోందని ఒక్కసారైనా చూడలేదురా! అప్పుడు చూశాను. సగం వంకరపోయిన పెదాలే, అయినా మాట తెలిసింది. "నువ్వు మింగకు. నేనొక్కన్ని ఎట్లుండాలె?" అంటున్నాడు. ఎడమచెయ్యి దిండు కిందికి పోనిచ్చి ఆ గోలీల పట్టీ తీసి నాకు చూపించాడు. నా చేతికి మాత్రం ఇవ్వలేదు. హారతి వచ్చాక ఆమె చేతిలో పెట్టాడు.

ఆయన కళ్లు మూసుకున్నాడనుకున్నాం మేమిద్దరం. జీవితమంతా సాంచెల మధ్య పెదాలు చూసి మాటలు విన్న మనిషి ముందు పెదాలతో రహస్యం చెప్పుకున్నాం! ఆయనకు కూడా పెడతానన్నాను కదా, దాని గురించి ఒక్క మాట అనలేదు. నేను ఉండాలి, అంతే. ఆ రోజు ఆయన గుండె మీద తలపెట్టి ఏడ్చినట్టు నా పెళ్లప్పగింతల్లో కూడా ఏడవలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ నాకూ వైద్యం చేస్తోంది. నిద్ర పడుతోంది. పరుశురాం వచ్చినప్పుడు నేను కాసేపు బయట తిరిగి వస్తాను. నాన్నా నేనూ పెదాలతో పోట్లాడుకుంటున్నాం. కూరలో ఉప్పు తక్కువైందని నిన్ననే అన్నాడు.

"శివకు చెప్పాల్నా అత్తమ్మా?" అని హారతి మొదట్లోనే అడిగింది. చెబితే నా మీద ఒట్టే అన్నాను. "అయితే నీ ముచ్చట నువ్వే చెప్పుకోవాలె, నేను చెప్ప" అంది. నువ్వు ఫోన్లో ఎగిరిన రోజున "అత్తమ్మనడుగు" అన్న ఒక్క మాటే నాకు వినబడింది. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుని, ఇంకో ఇంటికి ఫోన్ కలిపి "నువ్వెట్లున్నవ్?" అని అడిగింది. నన్ను కాపాడి, నీతో మాట పడి, నా మాట మాత్రం దాటలేదు.

ఇంకొక్క మాట. పున్నమికి వచ్చిన దేవదాస్ నోరు జారాడు. మే నెలలో నీకు కరోనా వచ్చి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారట. అమ్మకు తెలిస్తే తట్టుకోలేదని, చెప్పొద్దని హారతి దగ్గర మాట తీసుకున్నావట. ఆ రోజుల్లోనే నేను ఆమెను పోలీసువని తిట్టి ముఖం తిప్పుకుని కూర్చున్నాను. ఆ పిల్ల ఒక చెవిలో నీ మాట, ఇంకో చెవిలో నా మాట పెట్టుకుని, నాన్నకూ నాకూ నవ్వు ముఖంతో అన్నం వడ్డించింది. నీ మాట దాచినప్పుడు మంచి పెళ్లాం, నా మాట దాచినప్పుడు పొగరా?

ఉద్యోగం ఆమె మానదు. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. తాళం సంగతి అడగకు. "నువ్వెట్లున్నవ్?" అని అడుగు. ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఇట్లు,
హారతి అత్తగారు,
మీ అమ్మ భూదేవి