తారాబాయి గద్దె మీద మీటరు

చిరంజీవి సౌభాగ్యవతి వందనకు, నీకు అక్షరాలు దిద్దించిన మాస్టారు ఆశీర్వదించి వ్రాయునది.

క్యాన్సరుకు రేడియేషన్ వైద్యం ముగించుకొన్న నిన్ను కన్న మీ అవ్వ భూమవ్వ ఎత్తుకుంటే నీ పసిబిడ్డకు ఆ కిరణాలు అంటుతాయని, ఎత్తుకోరాదని మీ అత్తగారు ఆజ్ఞాపించారట. ఇక్కడి వాడకట్టులోనూ అదే భయం. అందుచేత, కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే నా శిష్యురాలు ప్రణతిని రేడియేషన్ మీటరుతో రప్పించాను.

అందరూ చూస్తుండగా ఆమె మీటరును మీ అవ్వ చుట్టూ తిప్పింది. ఎక్కడైనా వినిపించే నెమ్మది టిక్కు తప్ప మరేమీ లేదు. "మిషన్ ఆగంగనే కిరణాలు ఆగిపోతయి, ఒంట్ల నిలువయి" అని చెప్పింది.

ఎదురింటి తారాబాయి నమ్మలేదు. "జర నా దిక్కు పెట్టు బిడ్డా" అంటూ తన ఇంటి ముందరి గ్రానైటు రాతి గద్దె మీద కూర్చుంది. టిక్కులు చురుకెక్కాయి!

"ఓ అవ్వో, నాకే అంటింది!" అని ఆమె ఎగిరి దూకింది.

"నీది కాదు పెద్దమ్మా, రాయిది. రాళ్లల్ల జరంత ఉంటనే ఉంటది, ఫికర్ లేదు" అని ప్రణతి నవ్వింది.

"గట్లయితే నీ గద్దె మీద నేనే కూసోను, తారక్కా!" అన్నది మీ అవ్వ, పొట్ట పట్టుకొని నవ్వుతూ. చికిత్స మొదలైన తరువాత ఆమె నవ్వడం ఇదే ప్రథమం కనుక, "కూసోను"ను దిద్దడం మరచిపోయాను.

ఆదివారం ఆమెను నస్పూరులోని మీ ఇంటికి తీసుకొని వస్తున్నాను. మీ అత్తగారి వంటగట్టు గ్రానైటని విన్నాను. మీటరు కూడా తెస్తాను. ఈలోగా ఈ ఉత్తరాన్ని, విరామచిహ్నాల వద్ద తప్పక ఆగుతూ, మీ అత్తగారికి బిగ్గరగా చదివి వినిపించు.