కంపెనీ మనిషి

ఆసుపత్రి క్వార్టర్స్,
అక్టోబరు 1987

ప్రియమైన శ్రీవారికి వందనాలు.

మీ నర్సింగ్ హోముకు కొత్త బోర్డు పెట్టారని మీ చెల్లెలు రాసింది. సంతోషం. ఈ పల్లెటూరి ఆసుపత్రి బోర్డు మీద కూడా మీ పేరుంది, మర్చిపోయినట్టున్నారు. రెండో డాక్టరు మీరే. మీ హాజరు పట్టీ గుమస్తా బుల్లయ్య సంచిలో పెట్టుకుని నెలకోసారి గుంటూరు తెస్తాడు, మీరు నెల సంతకాలన్నీ ఒకేసారి గీకి పంపిస్తారు. ఈ ఊళ్ళో మీ ముఖం చూసినవాడు అతనొక్కడే.

పత్తికి తెల్లదోమ పట్టింది. పురుగుమందు కొట్టే కూలీలను నోట నురగలతో బండ్ల మీద వేసుకొస్తున్నారు. వాళ్ళను చూస్తూనే కాన్పులు చెయ్యాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు తక్కువయ్యాయని పైవాళ్ళ చేత తిట్లు తినాలి. ఈ ఉద్యోగమంటే నాకు అసహ్యం పుట్టింది. వస్తే రండి, లేదా రాజీనామా చెయ్యండి. ఖాళీ అని చూపిస్తేనే ఇంకొకరిని వేస్తారు.

మీ
రెబ్కా

గుంటూరు

ప్రియమైన రెబ్కా,

నీ ఉత్తరం చదివితే నేనేదో దొంగతనం చేసినట్టుంది. నాలాంటి డాక్టర్లు ఎంతమంది లేరు? అక్కడ కరెంటుండదు, మందులుండవు. నేనొచ్చి ఏం చెయ్యాలి? నీ పక్కన నిలబడి ప్రార్థన చెయ్యనా?

రాజీనామా నువ్వే చెయ్యి. ఇక్కడ లేడీ డాక్టరు లేక కాన్పు కేసులన్నీ ఎదురు వీధి నర్సింగ్ హోముకు పోతున్నాయి. నీ సేవ పిచ్చి ఇక్కడికొచ్చి తీర్చుకో.

నీ
జక్రయ్య

ఆసుపత్రి క్వార్టర్స్

ఏమండీ,

లేడీ డాక్టరు కావాలంటే పేపర్లో ప్రకటన వేయించండి. భార్య కావాలంటే ఇంకో రకంగా ఉత్తరం రాయండి.

పురుగుమందు విషానికి విరుగుడు అట్రోపిన్ ఒక్కటే. అది అయిపోయింది. ఎన్ని కాగితాలు రాసినా పంపడం లేదు. గురువారం బుల్లయ్యను తోడు తీసుకుని ఒంగోలు జిల్లా ఆఫీసుకు వెళ్ళి, మందు ఇచ్చేదాకా వాళ్ళ గుమ్మంలో కూర్చుంటాను. ఆ ఒక్కరోజు మీరొచ్చి నా కుర్చీలో కూర్చోండి. మీ దగ్గరున్న అట్రోపిన్ పట్టుకురండి. రాకపోతే ఇక నా గడప తొక్కొద్దు.

రెబ్కా

గుంటూరు

ప్రియమైన రెబ్కా,

గురువారం రాలేకపోయాను. బయలుదేరే వేళకు ఆపరేషన్ కేసు వచ్చింది. అలీ సాహెబ్ అనే కూలీ చనిపోయాడని బుల్లయ్య చెప్పాడు. నన్ను ఎంతైనా తిట్టు, పడతాను.

నీ మాటే నెగ్గింది. రాజీనామా కాగితం దీంతో పంపుతున్నాను, పైకి పంపించు. ఆ ఊరి పేరు ఇక నా దగ్గర ఎత్తకు.

జక్రయ్య

ఆసుపత్రి క్వార్టర్స్

జక్రయ్య గారికి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అబద్ధమెందుకు? మీరు వచ్చారు.

గురువారం సాయంత్రం నేను ఒంగోలు నుంచి ఉత్త చేతులతో బస్సు దిగేసరికి కూలీల మేస్త్రి ఏసోబు గొప్పగా ఎదురొచ్చాడు. "డాక్టరమ్మా, పురుగుమందుల కంపెనీ వాడొకడు టక్కు చేసుకుని, సంచీతో దిగాడండి. మా వాళ్ళ ప్రాణాలు తీసే మందమ్మి మళ్ళీ ఏ మొహంతో వచ్చావురా అంటే, డాక్టర్నని దబాయించాడు. మా డాక్టరు మాకు తెలీదా? నాలుగు తగిలించేసరికి సంచీలో డబ్బా పారేసి, గుంటూరు బస్సెక్కి పారిపోయాడు" అన్నాడు.

ఆ డబ్బా నా చేతికిచ్చారు. నిండా అట్రోపిన్. మూత మీద మీ నర్సింగ్ హోము ముద్ర. మిమ్మల్ని కొట్టేటప్పటికి అలీ సాహెబ్ ఆసుపత్రి వరండాలో ఇంకా ఊపిరి తీస్తున్నాడు, నేను వచ్చేసరికి పోయాడు. మర్నాడు వచ్చినవాళ్ళు ఆ మందుతోనే బతికారు.

రాలేదని తిట్టించుకోవడానికి ఒప్పుకున్నారు గానీ, మీరు డాక్టరుగా ఉన్న ఊరివాళ్ళే మిమ్మల్ని పోల్చుకోలేదని చెప్పుకోలేకపోయారు. మీ మీద జాలి కలగడం లేదు. ఒళ్ళు మండిపోతోంది.

వచ్చింది డాక్టరేనని ఏసోబుకు చెప్పాను. అతను అక్కడే కూలబడి తల బాదుకున్నాడు. అలీ సాహెబ్ భార్య ఖుర్షిదాకు కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఆ డాక్టరు గారు ఎట్టా ఉంటారమ్మా? ఒకసారి చూడాలి" అంది.

మీ రాజీనామా చించేశాను. ముందు వచ్చి ఆమె ఎదుట నిలబడండి. ఆ తర్వాత కూడా చెయ్యాలనిపిస్తే, వరండాలో జనం ముందు కూర్చుని మళ్ళీ రాసుకోండి.

భయపడకండి. ఈసారి మిమ్మల్ని అందరూ గుర్తుపడతారు.

రెబ్కా