పై పన్ను ముందొచ్చింది

శనివారం రాత్రి, తిరుపతి

పాపకి మొదటి పన్ను వచ్చింది! పొద్దున ఉగ్గు తినిపిస్తుంటే చెంచాకి టక్కున తగిలింది. నేను సంబరంగా కేక పెట్టాను. అత్త వచ్చి చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"పై పన్ను ముందొస్తే మేనమామకి గండమంటారమ్మీ. మీ తమ్ముడ్ని కొన్నాళ్లు ఈ పక్కకి రావద్దని చెప్పు."

అవన్నీ ఉత్త మాటలని అత్తతో వాదించాను. తమ్ముడు సూరికి ఫోన్‌లో చెప్పి నవ్వాను కూడా. వాడు ఊరుకునే రకమా? మధ్యాహ్నానికల్లా పాకాల నుంచి బండి మీద దిగాడు. "గండం యాడుండాదో సూద్దాం పదక్కా" అని మమ్మల్ని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

కొందరు పిల్లలకి పైవే ముందొస్తాయట, భయమేం లేదట. రెండు పూటలా తడిగుడ్డతో పన్ను తుడవాలట. పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చకూడదట. నేను రోజూ చేసేది అదే! సీసా లేకుండా ఇది ఎలా పడుకుంటుందో ఏమో...

ఇంటికి రాగానే సూరి వేలికి తడిగుడ్డ చుట్టుకుని తానే తుడుస్తానన్నాడు. పాప చటుక్కున కొరికింది. వాడు కెవ్వుమన్నాడు.

"అత్తా, గండం తీరిపోయిందిలే!" అని వేలు ఊపుతూ చూపించాడు. అత్త కూడా పకపకా నవ్వింది.

సాయంత్రం వాడు బండి తీశాక, పొద్దున అంత వాదించిన నేనే ఫోన్ పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. పక్కనే అత్త. "చేరినానక్కా" అన్న మాట విన్నాకే ఇద్దరం అన్నానికి లేచాం.